మహాప్రాణ్ జోగేంద్రనాథ్ మండల్: మంత్రిగా వెళ్ళి శరణార్థిగా తిరిగొచ్చిన నాయకుడు

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. చరిత్ర, ఆటోనగర్, విజయవాడ

రాజ్యాంగం రాసింది ఎవరని అడిగితే మన హాస్టల్లో మూడో తరగతి తమ్ముడు కూడా అంబేద్కర్ అని ఠక్కున చెబుతాడు. అయితే అంబేద్కర్ రాజ్యాంగ సభకు మొదటిసారి ఎక్కడి నుంచి ఎన్నికయ్యారని అడిగితే డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు కూడా బొంబాయి అనే అంటారు. అది సరికాదు. 1946లో బొంబాయి శాసనసభలో ఆయన్ను గెలిపించే బలం ఆయన పార్టీకి లేదు. ఆ ఏడాది జులైలో ఆయన్ను ఎన్నుకుని పంపింది బెంగాల్ శాసనసభ. అక్కడి దళిత శాసనసభ్యులకు నచ్చజెప్పి, ఓట్లు కూడగట్టిన మనిషి పేరు జోగేంద్రనాథ్ మండల్.

అదే మనిషి మరుసటి సంవత్సరం పాకిస్తాన్ మొట్టమొదటి న్యాయశాఖ మంత్రి అయ్యారు. మూడేళ్ళ తర్వాత ఆ పదవి వదులుకుని కలకత్తా వచ్చి లక్షలాది కాందిశీకుల్లో ఒకరయ్యారు. బెంగాల్ దళితులు ఆయన్ను మహాప్రాణ్ అని పిలుచుకుంటారు. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆయన పేరు ఎక్కడా కనిపించలేదు.

ఈసారి వార్షికోత్సవానికి పెట్టిన వక్తృత్వ పోటీ విషయం మీ అందరికీ తెలుసు. మతం కారణంగా సొంత దేశంలో హింసకు గురవుతున్న మైనారిటీలకు శరణార్థి విధానంలో మొదటి చోటు ఇవ్వాలా, వద్దా? స్టేజీ మీద ఐదు నిమిషాల్లో అవుననో కాదనో తేల్చేయవచ్చు. మండల్ జీవితం తెలిశాక అంత తొందరగా తేల్చలేం. అందుకే ఆ జీవితాన్ని ఇక్కడ క్లుప్తంగా రాస్తున్నాను.

బాల్యం, చదువు

జోగేంద్రనాథ్ మండల్ 1904 జనవరి 29న తూర్పు బెంగాల్‌లోని బరిసాల్ జిల్లా మైస్తర్‌కాంది గ్రామంలో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టారు. ఇప్పుడు ఆ ప్రాంతం బంగ్లాదేశ్‌లో ఉంది. మన దివిసీమ చూసినవాళ్ళు బరిసాల్‌ను తేలిగ్గానే ఊహించుకోగలరు. ఎటు చూసినా ఏరులు, కాలువలు, వరిచేలు. ఊరి నుంచి ఊరికి పోవాలంటే పడవే దిక్కు.

ఆయనది నామశూద్ర కులం. వరి పండించడం, పడవలు నడపడం, చేపలు పట్టడం వాళ్ళ బతుకుతెరువు. అంటరానివాళ్ళు. వాళ్ళకు అంతకుముందు ఉన్న కించపరిచే కులం పేరును పోరాడి మార్పించుకున్నారు. 1911 జనాభా లెక్కల్లో నామశూద్రులుగా నమోదయ్యారు. వాళ్ళలో హరిచంద్ ఠాకూర్, ఆయన కొడుకు గురుచంద్ ఠాకూర్ మతువా అనే భక్తి మార్గాన్ని నడిపారు. తిండి లేకపోయినా పిల్లలను బడికి పంపాలని గురుచంద్ ఊరూరా చెప్పారు. మన తాతల కాలంలో మన పేటలకు ఎవరైనా వచ్చి అలా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఆ గాలి సోకిన ఇళ్ళలో జోగేంద్రనాథ్ ఇల్లు ఒకటి. చదువు ఆయనకు తేలిగ్గా దొరకలేదు. బరిసాల్‌లోని బ్రజమోహన్ కాలేజీలో చదివి 1929లో బి.ఏ. పూర్తి చేశారు. 1934లో కలకత్తాలో లా పట్టా తీసుకున్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. కాబట్టి ఆ రెండు తేదీల మధ్య ఉన్న ఐదేళ్ళు ఎలా గడిచి ఉంటాయో నాకు కొంత అర్థమవుతుంది.

జనరల్ సీటులో గెలుపు

1937లో బెంగాల్ శాసనసభ ఎన్నికలు జరిగాయి. దళితులకు రిజర్వు సీట్లు ఉన్నాయి. మండల్ మాత్రం జనరల్ సీటులో ఇండిపెండెంటుగా నిలబడ్డారు. ఎదుటి అభ్యర్థి సరళ్ కుమార్ దత్తా. జిల్లా కాంగ్రెస్‌లో పెద్ద, జమీందారీ కుటుంబం, బరిసాల్ జనం దేవుడిలా చూసుకున్న అశ్వినీ కుమార్ దత్తాకు బంధువు. అటువంటి మనిషి మీద మండల్ గెలిచారు. ఆ ఎన్నికల్లో బెంగాల్ మొత్తంలో జనరల్ సీటు గెలిచిన దళితుడు ఆయన ఒక్కరే.

మొదట్లో ఆయన సుభాష్ చంద్రబోస్, శరత్ చంద్రబోస్ సోదరుల వైపు ఉన్నారు. తర్వాత అంబేద్కర్ బాటలోకి వచ్చారు. అంబేద్కర్ 1942లో నాగపూర్‌లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ స్థాపిస్తే, మరుసటి ఏడాది దాని బెంగాల్ శాఖను మండల్ నిలబెట్టారు. 1943లో ముస్లిం లీగ్ నాయకుడు నజీముద్దీన్ మంత్రివర్గానికి మద్దతు ఇచ్చేటప్పుడు కొన్ని షరతులు పెట్టారు. మంత్రివర్గంలో ముగ్గురు దళితులు ఉండాలి. ఉద్యోగాల్లో దళితుల వాటా కచ్చితంగా అమలు కావాలి. దళితుల చదువుకు ఏటా 5 లక్షల రూపాయలు కేటాయించాలి. ఆ మూడో షరతు దగ్గర ఒక్క క్షణం ఆగండి తమ్ముళ్ళూ. స్వాతంత్ర్యం రాకముందే, చదువు కోసం బడ్జెట్‌లో విడిగా ఇంత డబ్బు అని పట్టుబట్టినవాళ్ళు ఉండబట్టే ఈ రోజు మన హాస్టళ్ళు, మన స్కాలర్‌షిప్పులు ఉన్నాయి.

లీగ్‌తో ఎందుకు కలిశారు?

మండల్‌ను ఇప్పటికీ చాలామంది తప్పుపట్టేది ఇక్కడే. ముస్లిం లీగ్‌తో ఎందుకు కలిశారు? ఆయన లెక్క ఇది. తూర్పు బెంగాల్‌లో ముస్లింలలో ఎక్కువమంది కౌలుదార్లు, కూలీలు. నామశూద్రులూ అంతే. ఇద్దరిదీ ఒకే పొలం, ఒకే వరద, ఒకే అప్పు. అప్పిచ్చే వడ్డీ వ్యాపారి, పన్ను వసూలు చేసే జమీందారు ఎక్కువగా అగ్రకుల హిందువులు. ఇద్దరూ చదువులో వెనకబడినవాళ్ళే. కాబట్టి మతం వేరైనా బతుకు ఒకటే, కలిసి ఉంటేనే బాగుపడతాం అని ఆయన నమ్మారు.

1946లో ఫెడరేషన్ టికెట్టు మీద బెంగాల్‌లో గెలిచింది ఆయన ఒక్కరే. సుహ్రావర్దీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. ఆ ఏడాది ఆగస్టు 16న కలకత్తాలో మారణకాండ మొదలైంది. అక్టోబరులో నవఖాలీలో హిందువుల మీద దాడులు జరిగాయి. ఆ సమయంలో నామశూద్రులు ప్రతీకారానికి దిగకుండా మండల్ ఊరూరా తిరిగి శాంతి చెప్పారు. మంత్రివర్గం నుంచి బయటికి రమ్మని హిందూ నాయకులు ఒత్తిడి చేశారు. ఆయన రాలేదు. కలకత్తా పత్రికలు, ప్రత్యర్థులు ఆయన పేరుకు ముస్లిం పేరు తగిలించి వెక్కిరించారు. అదే అక్టోబరులో ఢిల్లీలోని తాత్కాలిక ప్రభుత్వంలో చేరిన లీగ్ తన కోటాలో ఆయన్ను న్యాయశాఖకు పంపింది.

అంబేద్కర్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపింది కూడా ఈ రోజుల్లోనే. తర్వాత దేశ విభజనతో బెంగాల్ రెండు ముక్కలై అంబేద్కర్ సీటు పోయింది. 1947 జులైలో ఆయన బొంబాయి నుంచి మళ్ళీ ఎన్నికయ్యారు. మన పుస్తకాల్లో మిగిలింది ఈ రెండో ఎన్నికే.

కరాచీలో మొదటి న్యాయమంత్రి

1947 ఆగస్టు 10న కరాచీలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ మొదటిసారి సమావేశమైంది. ఆ సభకు తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చున్నది మండల్. మరుసటి రోజు జిన్నాను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. కొత్త దేశంలో మతాన్ని బట్టి పౌరుల మధ్య తేడా ఉండదని జిన్నా ఆ రోజు సభలో చెప్పారు. మండల్ ఆ మాటను పూర్తిగా నమ్మారు. ఆయన న్యాయ, కార్మిక శాఖల మంత్రి అయ్యారు.

ఒక విచిత్రం చూడండి. ఆ ఆగస్టులో భారతదేశపు మొదటి న్యాయమంత్రి అంబేద్కర్. పాకిస్తాన్ మొదటి న్యాయమంత్రి మండల్. కత్తులతో విడిపోయిన రెండు దేశాల్లో రెండింటికీ మొదటి న్యాయమంత్రులు అంటరాని కులాల్లో పుట్టినవాళ్ళే.

అయితే కరాచీ వీధుల్లో పరిస్థితి వేరేగా ఉంది. సింధు ప్రాంతపు హిందువుల్లో డబ్బున్నవాళ్ళు ఓడలెక్కి బొంబాయి చేరుతున్నారు. పాకీ పని, వీధులు ఊడ్చే పని చేసే దళితులను మాత్రం వెళ్ళనివ్వలేదు. వాళ్ళు పోతే ఊరు కంపు కొడుతుంది కాబట్టి వాళ్ళది అత్యవసర సర్వీసు అని ప్రభుత్వం అడ్డుపడింది. హింస అంటే తరిమేయడమే అనుకుంటాం. కదలనివ్వకపోవడం కూడా హింసే. 1947 డిసెంబరులో అంబేద్కర్ ఈ విషయం మీద నెహ్రూకు లేఖ రాశారు. అక్కడ చిక్కుకున్న దళితులను తీసుకురావాలని, ఇక్కడికి వచ్చిన దళిత కాందిశీకులకు తూర్పు పంజాబ్‌లో భూమి దొరకడం లేదని ఫిర్యాదు చేశారు. అంతకు నెల ముందు, పాకిస్తాన్‌లోనూ, హైదరాబాద్ సంస్థానంలోనూ ఉన్న దళితులు లీగ్‌ను గానీ నిజాంను గానీ నమ్ముకోవద్దని, వీలైతే భారతదేశానికి వచ్చేయమని ఒక ప్రకటన కూడా ఇచ్చారు.

హైదరాబాద్ మాట ఎందుకొచ్చిందంటే, మన తెలుగు నేల మీద కూడా మండల్ లాంటి పరిస్థితి ఒకటి నడుస్తోంది. హైదరాబాద్ అంబేద్కర్‌గా పేరున్న బి.ఎస్. వెంకట్రావు, 1947–48లో నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో చేరారు. దళితుల చదువుకు నిజాం నుంచి కోటి రూపాయల నిధి సాధించినవారు ఆయన. చదువు కోసం పాలకుడితో కలవడమా, మతం లెక్కన దూరం జరగడమా అన్న చిక్కుముడి అప్పట్లో బరిసాల్‌లో ఎంత నిజమో సికింద్రాబాద్‌లోనూ అంతే నిజం.

నమ్మకం విరిగిన చోటు

1948 సెప్టెంబరు 11న జిన్నా చనిపోయారు. 1949 మార్చిలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ లక్ష్యాల తీర్మానం చేసి, రాజ్యాంగాన్ని ఇస్లాం సూత్రాల మీద నిర్మించాలని నిర్ణయించింది. తూర్పు బెంగాల్ హిందూ సభ్యులు దాన్ని వ్యతిరేకించారు. తీర్మానం నెగ్గింది.

పల్లెల్లో దాడులు పెరిగాయి. 1949 డిసెంబరులో ఖుల్నా జిల్లాలోని కాల్‌శిరా అనే నామశూద్రుల ఊరికి కమ్యూనిస్టులను పట్టుకోవడానికి పోలీసులు వెళ్ళారు. గొడవలో ఒక కానిస్టేబుల్ చనిపోయాడు. తర్వాత పోలీసులు, వాళ్ళ వెంట వచ్చిన మూక ఆ ఊరిని నాశనం చేశారు. మండల్ స్వయంగా అక్కడికి వెళ్ళి చూశారు. సుమారు 350 ఇళ్ళున్న ఊళ్ళో మూడు తప్ప ఇళ్ళు మిగల్లేదని ఆయన నమోదు చేశారు. 1950 ఫిబ్రవరిలో ఢాకాలో, ఆయన సొంత జిల్లా బరిసాల్‌లో మారణకాండ జరిగింది. ఆయన ఆ ఊళ్ళన్నీ తిరిగారు. ఏ పొలంలో ఇద్దరిదీ ఒకే బతుకు అని నమ్మారో ఆ పొలాల్లోనే శవాలు చూశారు.

అదే సమయంలో పశ్చిమ బెంగాల్‌లో ముస్లింల మీదా దాడులు జరిగాయని, అక్కడి నుంచి కూడా జనం తూర్పుకు పారిపోయారని మరిచిపోకూడదు. 1950 ఏప్రిల్ 8న నెహ్రూ, లియాకత్ అలీ ఖాన్ ఒప్పందం చేసుకున్నారు. ఎవరి దేశంలోని మైనారిటీలను ఆ దేశమే కాపాడాలన్నది దాని సారాంశం. మండల్ కొన్ని నెలలు చూశారు. మార్పు కనిపించలేదు.

1950 సెప్టెంబరులో ఆయన కలకత్తా చేరుకున్నారు. అక్టోబరు 8న అక్కడి నుంచే లియాకత్ అలీ ఖాన్‌కు రాజీనామా పంపారు. అది పేరుకే రాజీనామా. నిజానికి ఊరు పేరు, తేదీ, జరిగిన ఘోరం వరసగా రాసిన పెద్ద నివేదిక. తన ఆశ ఎక్కడ మొదలైందో, ఎలా విరిగిందో దాచకుండా రాశారు. తూర్పు బెంగాల్ హిందువులకు ఇక అక్కడ రక్షణ లేదని తేల్చారు. పదవిలో ఉన్న మంత్రి తన సొంత ప్రభుత్వం మీద అంత వివరంగా రాసిన పత్రాలు అరుదు.

కలకత్తాలో ఒంటరి మనిషి

సరిహద్దు దాటితే బాధ తీరుతుందని అందరూ అనుకుంటారు. మండల్ జీవితంలో నాకు ఎక్కువ పాఠం చెప్పింది సరిహద్దు దాటిన తర్వాతి 18 ఏళ్ళు.

పాకిస్తాన్‌లో ఆయన్ను ద్రోహి అన్నారు. ఇక్కడ ఆయన్ను ఎవరూ నమ్మలేదు. పాకిస్తాన్‌లో మంత్రిగా చేసినవాడు కదా అని వేలెత్తి చూపారు. ఎన్నికల్లో మళ్ళీ మళ్ళీ నిలబడ్డారు, ఒక్కసారీ గెలవలేదు. ఆయన మాత్రం కాందిశీకుల క్యాంపులు వదల్లేదు.

ఆ క్యాంపుల్లో ఉన్నదెవరు? విభజన జరిగిన వెంటనే వచ్చినవాళ్ళలో చదువు, ఉద్యోగం, కలకత్తాలో బంధువులు ఉన్న అగ్రకులాలవాళ్ళు ఎక్కువ. వాళ్ళు నగరం అంచుల్లో ఖాళీ స్థలాలు ఆక్రమించి కాలనీలు కట్టుకున్నారు. అవి పోనుపోను క్రమబద్ధమయ్యాయి. చేతిలో నాగలి తప్ప ఏమీ లేని నామశూద్రులు 1950 తర్వాత ఎక్కువగా వచ్చారు. వాళ్ళకు కూపర్స్ క్యాంపు, ధుబులియా వంటి ప్రభుత్వ క్యాంపులే గతి. పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళకు పోగొట్టుకున్న ఆస్తికి నష్టపరిహారం ఇవ్వడానికి 1954లో చట్టం చేశారు. తూర్పు నుంచి వచ్చినవాళ్ళకు ఆ చట్టం వర్తించలేదు. అది వర్తించినా భూమి కాగితం లేని కౌలుదారు ఏ ఆస్తి చూపిస్తాడు?

1958లో కేంద్ర ప్రభుత్వం దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. బెంగాల్ క్యాంపులు మూసేసి అక్కడివాళ్ళను బస్తర్, కోరాపుట్ అడవులకు పంపాలని నిర్ణయించింది. వెళ్ళనంటే ఇచ్చే భృతి ఆగిపోతుంది. నీళ్ళ దేశంలో పుట్టి వరి, చేప తప్ప తెలియని రైతులను రాళ్ళ నేలకు పంపడం అన్యాయమని మండల్ పోరాడారు. సత్యాగ్రహాలు చేయించారు, జైలుకు వెళ్ళారు. రైళ్ళు మాత్రం ఆగలేదు. పైగా ఆ అడవులు ఖాళీవి కావు, అవి ఆదివాసుల నేల. ఒక పేదవాడి ఇంటి కోసం మరో పేదవాడి చోటును పంచారు.

ఇది మనకు దూరపు కథ కాదు. మన ఇబ్రహీంపట్నం దగ్గర మొదలయ్యే 30వ నెంబరు జాతీయ రహదారి భద్రాచలం, కుంట, జగదల్‌పూర్, కొండగావ్ మీదుగా రాయ్‌పూర్ వెళుతుంది. ఆ రాయ్‌పూర్ పక్కనే మానా క్యాంపు ఉండేది. కాందిశీకులను అక్కడ దించి, అక్కడి నుంచి అడవులకు పంపేవారు. చింతూరు దాటాక కాస్త పక్కకు తిరిగితే ఒడిశాలోని మల్కన్‌గిరి. అక్కడి బెంగాలీ కాందిశీకుల ఊళ్ళకు ఎం.వి.1, ఎం.వి.2 అని నెంబర్లే పేర్లు. ఎం.వి. అంటే మల్కన్‌గిరి విలేజ్. మా నాన్న ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ పని చేస్తారు. ఆ దారిలో వచ్చే డ్రైవర్లలో ఒకాయనను మీదే ఊరని అడిగితే నెంబరు చెప్పాడని, అది బండి నెంబరేమో అనుకున్నానని మా నాన్న చాలాసార్లు చెప్పారు. ఈ చరిత్ర చదివాకే ఆ నెంబరు ఏమిటో మా ఇంట్లో అందరికీ అర్థమైంది.

తెలంగాణలో కాగజ్‌నగర్ దగ్గర ఈజ్‌గాం, నజ్రుల్‌నగర్ ప్రాంతంలోనూ ఈ బెంగాలీ కాందిశీకుల ఊళ్ళు ఉన్నాయి. వాళ్ళలో నామశూద్రులు ఉన్నారు. వాళ్ళ కష్టం ఏమిటో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు. నామశూద్ర కులం పశ్చిమ బెంగాల్ ఎస్సీ జాబితాలో ఉంది, ఒడిశా జాబితాలో ఉంది. తెలంగాణ జాబితాలో లేదు. అంటే, ఏ కులం కారణంగా వాళ్ళ తాతలను అడవికి పంపారో ఆ కులం సర్టిఫికెట్ మనవళ్ళకు తహసీల్దారు ఆఫీసులో దొరకదు. సర్టిఫికెట్ లేకపోతే ఎస్సీ హాస్టల్ సీటు లేదు, ఎస్సీ స్కాలర్‌షిప్పు లేదు. అడ్మిషన్ల నెలలో ఆ కాగితం కోసం క్యూలో నిలబడ్డవాళ్ళకు దాని విలువ తెలుసు.

చివరి రోజులు

జీవితం చివరి ఏళ్ళలో మండల్ అంబేద్కర్ ఆశయంతో ఏర్పడిన రిపబ్లికన్ పార్టీ కోసం బెంగాల్‌లో తిరిగారు. 1968 అక్టోబరు 5న సరిహద్దు పట్టణం బన్‌గావ్ దగ్గర ఎన్నికల ప్రచారంలో ఉండగానే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 64. ఆయన కొడుకు తర్వాత తండ్రి జీవితాన్ని, పత్రాలను సంపుటాలుగా అచ్చు వేశారు.

ఆయన భయపడింది ఆయన పోయిన పదేళ్ళకు జరిగింది. 1978లో దండకారణ్యంలో బతకలేక వేలాది కుటుంబాలు బెంగాల్‌కు తిరిగి బయలుదేరాయి. సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకుని, బడి కట్టుకుని, చేపల చెరువులు తవ్వుకుని నిలబడ్డాయి. 1979 జనవరిలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆ దీవిని పోలీసు పడవలతో చుట్టుముట్టి తిండి, నీళ్ళు అందకుండా చేసింది. జనవరి 31న కాల్పులు జరిగాయి. మే నెలలో దీవిని ఖాళీ చేయించారు. ఎందరు చనిపోయారన్న లెక్క ఇప్పటికీ తేలలేదు. వాళ్ళను దిగ్బంధం చేసినవాళ్ళలో ఎక్కువమందిది వాళ్ళ మతమే.

మన పోటీ ప్రశ్న

ఇప్పుడు మన వక్తృత్వ పోటీ విషయానికి వద్దాం.

2019 డిసెంబరులో పార్లమెంటు పౌరసత్వ సవరణ చట్టం చేసింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులకు పౌరసత్వం పొందే దారి సులభం చేసింది. 11 ఏళ్ళ నివాసం షరతును 5 ఏళ్ళకు తగ్గించింది. దీని నియమాలు 2024 మార్చి 11న వచ్చాయి. ఆ చట్టం మీద వాదన జరుగుతున్న రోజుల్లో, 2020 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి లోక్‌సభలో మండల్ పేరు ప్రస్తావించారు. చట్టాన్ని సమర్థించేవాళ్ళు మండల్ రాజీనామాను చూపిస్తారు. వ్యతిరేకించేవాళ్ళు ఆయన దళిత ముస్లిం ఐక్యతను చూపిస్తారు. ఇద్దరూ ఆయన జీవితంలో సగమే చదువుతున్నారని నా అభిప్రాయం.

సమర్థించేవాళ్ళ మాటలో నిజం ఉంది. మైనారిటీ మతం వాళ్ళను ఆ మతం పేరు మీదే తరిమారు. కాల్‌శిరా అబద్ధం కాదు, బరిసాల్ అబద్ధం కాదు. అలా వచ్చినవాళ్ళను ఏళ్ళ తరబడి అక్రమ వలసదారులుగా ఉంచడం అన్యాయం. బెంగాల్‌లోని మతువాలు పౌరసత్వం కోసం అన్నేళ్ళు ఎందుకు అడిగారో మండల్ జీవితం తెలిసినవాడు అడగడు. వాళ్ళకు తలుపు తీయాలి. ఇందులో నాకు సందేహం లేదు.

అయితే మతాన్నే కొలబద్ద చేస్తే ఏమవుతుంది? మొదటిది, అసలు ప్రమాదంలో ఉన్న కొందరు బయట ఉండిపోతారు. పాకిస్తాన్‌లో అహ్మదీయులను 1974లో రాజ్యాంగం ద్వారానే ముస్లింలు కాదని ప్రకటించారు. వాళ్ళు ఈ జాబితాలో లేరు. 2017లో మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మన హైదరాబాద్ బాలాపూర్‌లో గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యాలు కూడా మైనారిటీ మతం వాళ్ళే. శ్రీలంక తమిళులూ జాబితాలో లేరు. మన తెలుగువాళ్ళ సంగతే చూడండి. 1942లో జపాన్ దాడి అప్పుడు, మళ్ళీ 1960ల్లో సైనిక ప్రభుత్వం వచ్చాక, బర్మా నుంచి వేలాది తెలుగు కుటుంబాలు ఉన్నదంతా వదిలి వచ్చాయి. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే. వాళ్ళను వెళ్ళగొట్టింది మతం చూసి కాదు, పరాయి జాతి అని. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థి ఒప్పందం హింసకు ఐదు కారణాలు చెప్పింది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం. మతం ఐదింటిలో ఒకటి. మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థుల కోసం విడిగా ఒక చట్టమూ మనకు లేదు.

రెండోది మనకు మరీ దగ్గరిది. మతం పేరు ఒక్కటే చూసే కన్నుకు, ఆ మతం లోపల ఎవరు అడుగున ఉన్నారో కనిపించదు. కరాచీలో ఓడ ఎక్కినవాడూ హిందువే, చీపురుతో ఆగిపోయినవాడూ హిందువే. కలకత్తా కాలనీలో స్థిరపడినవాడూ హిందువే, మల్కన్‌గిరికి నెంబరుతో వెళ్ళినవాడూ హిందువే. కులం కష్టం కలిసిన చోట మతం గోడ అడ్డం కాదని మండల్ ముందు నమ్మారు. ఆ నమ్మకాన్ని బరిసాల్ పగలగొట్టింది. మతం ఒకటైన చోట కులం గోడ ఉండదని కాందిశీకులు నమ్మి వచ్చారు. ఆ నమ్మకాన్ని దండకారణ్యం పగలగొట్టింది.

అందుకే నా సమాధానం ఇది. హింసకు గురైన మతపరమైన మైనారిటీలకు తప్పక ముందు చోటు ఇవ్వాలి. వాళ్ళ మతం ఫలానాది అని కాదు, వాళ్ళ ప్రాణం ప్రమాదంలో ఉందని. అదే ప్రమాదం మరో మతంవాడికి, మరో జాతివాడికి ఉంటే వాడికీ అదే వరసలో చోటు ఇవ్వాలి. తప్పించుకోవడానికి డబ్బు, బంధువులు, కాగితాలు లేనివాడిని వరసలో ముందుకు జరపాలి. లోపలికి వచ్చాక భూమి, బడి, సర్టిఫికెట్ ఇవ్వకపోతే తలుపు తీసి ఉపకారం చేశామని చెప్పుకోకూడదు.

ఇంతమందికి చోటు ఎక్కడిదని అడిగేవాళ్ళు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. చోటు తక్కువ కాబట్టే వరస సరిగ్గా ఉండాలి. ఒకటే మంచం ఉన్న ఆసుపత్రిలో డాక్టరు ముందు ఎవరిని చూడాలి? పేరు అడిగి చూడాలా, నాడి పట్టి చూడాలా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, స్టేజీ ఎక్కినప్పుడు మీరు ఏ వైపునైనా మాట్లాడండి. మార్కులు ఇచ్చేది జడ్జీలు. ఏ శరణార్థి విధానం గురించి మాట్లాడినా మూడు ప్రశ్నలు మాత్రం వదలకండి. రావాలనుకుని రాలేకపోయినవాళ్ళు ఎవరు? వచ్చినవాళ్ళను ఏ కాగితం అడిగారు? వాళ్ళను చివరికి ఎక్కడికి పంపారు? న్యాయమంత్రిగా పనిచేసిన మనిషి తన మిగిలిన 18 ఏళ్ళూ క్యాంపుల చుట్టూ తిరిగి పోట్లాడింది వీటి గురించే. నజ్రుల్‌నగర్ పిల్లలు ఇప్పటికీ మూడో ప్రశ్నకు జవాబు కోసం ఎదురు చూస్తున్నారు.